రెండో ఇంజన్ హిసాబ్

మన ఇళ్లలో విమానం అంటే మొన్నటిదాకా ఎక్కేదే. ఉమ్రాకు పోయే పెద్దలు ఎక్కారు, గల్ఫ్‌కు పోయే మగపిల్లలు ఎక్కారు. నడిపే సీటు మనది కాదనే అనుకున్నాం. ఇప్పుడు మా ఖాందాన్‌లోనే ఇద్దరు నడిపేవాళ్లు తయారయ్యారు. ఒకరు మా ఆపా కూతురు. కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం ట్రైనింగ్‌లో ఉంది. ఒక ఇంజన్ విమానం మీద గంటలు దాదాపు పూర్తి చేసి, రెండు ఇంజన్ల విమానం దగ్గర ఆగింది. ఆగింది అంటే ఫీజు దగ్గర ఆగింది. ఇంకొకరు మా ఖాలా కొడుకు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ నౌక్రీ. సెలవు రోజుల్లో చిన్న సెస్నా నడుపుతాడు. ఇద్దరు దోస్తులతో కలిసి ఒక పాత రెండు ఇంజన్ల విమానంలో హిస్సా కొనాలని చూస్తున్నాడు.

ఇద్దరి సంగతీ ఒకే నెలలో నా దగ్గరికొచ్చింది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో పనిచేసేవాడికి దునియాలో అన్నీ తెలుస్తాయని మనవాళ్ల యకీన్. నాకు వచ్చిన హునర్ ఒక్కటే, తెలిసినవాళ్లను వదలకుండా అడగడం.

దూలాభాయ్ అడిగింది ఇది: "ఒక ఇంజన్ నడిపిన పిల్లకు రెండోదానికి మళ్లీ లక్షలెందుకు? కొన్ని గంటలు తగ్గించి బేరం చేసుకోవచ్చా?" ఖాలా అడిగింది ఇది: "దో ఇంజనా హై కతే. ఏక్ బంద్ పడే తో దూస్రా హైచ్ నా?" ఒకటి ఆగితే ఇంకోటి ఉంటుంది కదా, ఇక ఫికర్ ఎందుకు అని ఆమె తసల్లీ. ఒకరిది డబ్బు గురించి, ఇంకొకరిది ప్రాణం గురించి. తీగ లాగితే రెండింటికీ జవాబు ఒకే చోట దొరికింది.

ముందు ఈ విమానం ఏమిటో చూద్దాం. ఇది జెట్ కాదు. కారులో ఉన్నట్టే సిలిండర్లు, పిస్టన్లు, స్పార్క్ ప్లగ్గులు ఉన్న పెట్రోలు ఇంజన్లే, ఒక్కో రెక్క మీద ఒకటి. ముందు ప్రొపెల్లర్ తిరుగుతుంది. అమెరికాలో పైపర్, బీచ్‌క్రాఫ్ట్, సెస్నా కంపెనీలు 1950ల నుంచి ఇలాంటివి చేశాయి. మావాడు చూసింది పైపర్ సెమినోల్. 1970ల చివర మొదలైన మోడల్. నలుగురు కూర్చోవచ్చు. ఒక్కో ఇంజన్ 180 హార్స్‌పవర్, రెండూ కలిపి 360. నిండా నింపితే బరువు 3,800 పౌండ్లు, అంటే 1,700 కిలోల పైచిలుకు. ప్రపంచమంతా రెండు ఇంజన్ల ట్రైనింగ్‌కు వాడే విమానాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఖాలా ప్రశ్న. ఒక ఇంజన్ ఆగితే సగం బలం పోతుంది, సగం బలం మిగులుతుంది అని ఎవరైనా అనుకుంటారు. కానీ పైకి ఎక్కే బలం హిసాబ్ వేరు. నేను ఖాలాకు సంసారం లెక్కలో చెప్పాను. ఒక ఇంట్లో మియా బీవీ ఇద్దరూ నౌక్రీ చేస్తున్నారు. ఇద్దరికీ చెరో 20 వేలు. ఇంటి ఖర్చు 17 వేలు. నెలకు బచత్ 23 వేలు. ఒకరి నౌక్రీ పోయింది. ఆమ్దనీ సగమైంది. మరి బచత్ సగమైందా? కాలేదు. 20 వేలల్లో 17 ఖర్చుకు పోగా మిగిలేది 3 వేలు. ఆమ్దనీ సగం తగ్గితే బచత్ ఏడో వంతు కూడా మిగల్లేదు.

విమానం అంతే. గాలిలో నిలకడగా ఉండడానికే కొంత బలం ఖర్చవుతుంది. అది ఇంటి కిరాయి, కిరాణా లాంటిది. ఆ ఖర్చు పోగా మిగిలిన బలంతోనే పైకి ఎక్కుతుంది. సెమినోల్ రెండు ఇంజన్లతో, సముద్రమట్టం దగ్గర, నిండు బరువుతో నిమిషానికి సుమారు 1,300 అడుగులు ఎక్కుతుంది. ఒక్క ఇంజన్‌తో? సుమారు 200 అడుగులు. అది కూడా పైలట్ అన్నీ సరిగ్గా చేస్తేనే. పైగా ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ ఊరికే ఉండదు. ఎదురుగాలికి తిరుగుతూ విమానాన్ని వెనక్కి గుంజుతుంది. నౌక్రీ పోయినవాడు ఇంట్లో కూర్చుని ఖర్చు కూడా పెంచినట్టు. అందుకే ఆ ప్రొపెల్లర్ రేకులను గాలికి అంచు తగిలేలా తిప్పేసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఫెదర్ చేయడం అంటారు. అది చేస్తేనే ఆ 200 అడుగులు దక్కుతాయి.

ఈ లెక్కకు మన ఊరి ఎండను కలిపి చూడండి. గాలి పల్చబడేకొద్దీ ఇంజన్ బలం తగ్గుతుంది. ఎత్తుకు పోయినా పల్చబడుతుంది, ఎండకు వేడెక్కినా పల్చబడుతుంది. ఒక్క ఇంజన్‌తో సెమినోల్ పైకి ఎక్కగల హద్దు, మామూలు వాతావరణంలో, నిండు బరువుతో 4,000 అడుగుల దరిదాపు. మన బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఐదు వేల అడుగుల పైన ఉండే గాలంత పల్చగా ఉంటుంది. అంటే విమానం నేల మీద ఉండగానే ఆ హద్దు దాటిపోయింది. ఆ పూట నిండు బరువుతో లేచాక ఒక ఇంజన్ ఆగితే రెండోది పైకి ఎక్కించదు. మెల్లగా కిందికే దించుతుంది. పైలట్లు చెప్పుకునే పాత చమత్కారం ఒకటుంది, రెండో ఇంజన్ పని మనల్ని ప్రమాదస్థలం దాకా తీసుకుపోవడమేనట. ఖాలాకు ఆ మాట చెప్పలేదు.

కానూన్ కూడా ఈ సంగతిని దాచలేదు. అమెరికా పాత నియమాల ప్రకారం 6,000 పౌండ్లలోపు బరువుండి, తక్కువ వేగంతో దిగగల చిన్న రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్‌తో తప్పకుండా పైకి ఎక్కాలన్న షరతే లేదు. ఎంత ఎక్కుతుందో, ఎంత దిగుతుందో కొలిచి పుస్తకంలో రాస్తే చాలు. పెద్ద ఎయిర్‌లైన్ విమానాలకు మాత్రం ఒక ఇంజన్ పోయినా ఎక్కి తీరాలి. మనం ఎయిర్‌బస్‌లో చూసిన భరోసాను ఈ చిన్న విమానానికి అంటగడతాం. గలత్‌ఫహమీ అక్కడే మొదలవుతుంది.

అసలు ముసీబత్ ఎక్కకపోవడం కూడా కాదు, తిరగడం. జోడెద్దుల బండి నడుస్తుంటే ఒక ఎద్దు కూలబడిందనుకోండి. రెండోది లాగుతూనే ఉంటే బండి కూలిన ఎద్దు వైపు తిరిగిపోతుంది. ఎడమ ఇంజన్ ఆగితే కుడి ఇంజన్ విమానాన్ని ఎడమకు తిప్పేస్తుంది. దాన్ని ఆపేది తోక మీద నిలువుగా ఉండే రడ్డర్. పైలట్ కుడికాలితో పెడల్ తొక్కి పట్టాలి. రడ్డర్‌కు పట్టు గాలి వేగం నుంచే వస్తుంది. వేగం తగ్గేకొద్దీ పట్టు సడలుతుంది. ఒక వేగం కన్నా కిందికి పోతే కాలు పూర్తిగా తొక్కినా విమానం మాట వినదు. తిరుగుతుంది, పల్టీ కొడుతుంది. వేగం చూపే గడియారం మీద ఆ చోట ఎర్ర గీత ఉంటుంది. సెమినోల్‌కు అది 56 నాట్లు. దానికి చాలా పైన 88 నాట్ల దగ్గర నీలం గీత. ఒక్క ఇంజన్‌తో అత్యధికంగా ఎక్కగలిగేది ఆ నీలం గీత వేగంలోనే. ఇంజన్ ఆగిన పైలట్‌కు ఆ నీలం గీతే దిక్కు.

ఎర్ర గీత దగ్గరికి జారిపోతే ఏం చేయాలి? పనిచేస్తున్న ఇంజన్ బలం తగ్గించాలి, ముక్కు కిందికి దించాలి. నేల దగ్గరగా కనిపిస్తుంటే ఏ మనిషికైనా ముక్కు పైకి లాగాలనీ, ఉన్న ఇంజన్‌ను ఇంకా గట్టిగా పరిగెత్తించాలనీ అనిపిస్తుంది. రెండూ ప్రాణం తీసే పనులే. ఒక ఇంజన్ విమానంలో ఇంజన్ ఆగితే పైలట్‌కు సందేహం ఉండదు, ముందు కనిపించే చేనులోనో మైదానంలోనో దింపుతాడు. ఇక్కడ సగం ఆశ మిగిలి ఉంటుంది. ఆ ఆశకు లొంగి వేగం పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

ఆగింది ఏ ఇంజనో తెలుసుకోవడం కూడా చదివినంత ఆసాన్ కాదు. పైలట్లకు ఒక సూత్రం నేర్పుతారు: ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజన్ పోయింది. వెంటనే నమ్మకూడదు. ఆ వైపు థ్రాటిల్ మెల్లగా వెనక్కి లాగి చూడాలి. ఏ మార్పూ రాకపోతే అదే. అప్పుడే ఫెదర్ చేయాలి. 2015 ఫిబ్రవరిలో తైవాన్ రాజధాని తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ విమానం లేచిన కొద్దిసేపటికే ఒక ఇంజన్ బలం పోయింది. పైలట్ బాగున్న ఇంజన్‌ను ఆపేశాడు. 43 మంది చనిపోయారు. అది పెద్దది, టర్బోప్రాప్ విమానం, నడిపింది ఎయిర్‌లైన్ పైలట్లు. వాళ్ల చేతులే పొరపడితే ఆదివారం పైలట్ సంగతి ఆలోచించండి.

ఇదంతా విని రెండో ఇంజన్ బేకార్ అనుకోకండి. ఎత్తులో, దారి మధ్యలో ఉండగా ఒకటి ఆగితే రెండోది నిజంగా అల్లా చూపిన దారే. రాత్రిపూట, కొండల మీద, నీళ్ల మీద ఉండగా ఒక ఇంజన్ విమానానికి దిగక తప్పదు. దీనికి మెల్లగా ఎత్తు తగ్గుతూనైనా ఎయిర్‌పోర్టు వెతుక్కునే వఖ్త్ దొరుకుతుంది. కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్లు కూడా రెండుంటాయి, మబ్బుల్లో పోయేవాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ అక్కడే ఇంకో సాదా లెక్క ఉంది. ఇంజన్లు రెండుంటే వాటిలో ఏదో ఒకటి ఆగే అవకాశం కూడా దాదాపు రెండింతలు.

ఇక డబ్బు. మావాడికి ఆశ పుట్టించింది కొనే ధర. పాత రెండు ఇంజన్ల విమానాలు చాలాసార్లు మంచి ఒక ఇంజన్ విమానం కన్నా పెద్ద ఖరీదు పలకవు. ఎందుకు పలకవో అడిగితే అసలు కథ బయటపడుతుంది. కొనడం సులభం, సాకడం కష్టం.

నాలుగు సీట్ల సెస్నా 172 గంటకు ముప్పై, ముప్పై అయిదు లీటర్ల పెట్రోలు తాగి 120 నాట్ల దాకా పోతుంది. సెమినోల్ 70 లీటర్లకు పైగా తాగి 155, 160 నాట్లు పోతుంది. తాగుడు రెండింతలు, వేగం మూడో వంతే ఎక్కువ. సీట్లు అవే నాలుగు.

ఆ ఇంజన్‌కు కంపెనీ చెప్పిన ఆయుష్షు 2,000 గంటలు, లేదా 12 ఏళ్లు. తర్వాత మొత్తం విప్పి ఓవరాలింగ్ చేయించాలి. ఒక్కోదానికి 40 వేల డాలర్లు అనుకుందాం. 2,000తో భాగిస్తే గంటకు 20 డాలర్లు. రెండు ఇంజన్లకు 40. పెట్రోలు కాక, ఎగిరిన ప్రతి గంటకూ ఇది పక్కకు తీసి పెట్టాలి. ప్రొపెల్లర్లు రెండు, వాటి గడువు వేరు. లోపలికి ముడుచుకునే చక్రాలు, వాటి హైడ్రాలిక్ పంపు. ముక్కులో క్యాబిన్ వెచ్చగా ఉంచడానికి పెట్రోలుతో మండే చిన్న హీటర్, దానికి వేరే తనిఖీ. ఇవన్నీ విమానం ఎగిరినా ఎగరకపోయినా ప్రతి పన్నెండు నెలలకు జరిగే సాలానా తనిఖీలో ముందుకొస్తాయి. షెడ్డు కిరాయి, ఇన్సూరెన్స్ కూడా అంతే, ఎగరకున్నా కట్టాలి. అందుకే ఏడాదికి ముప్పై గంటలు ఎగిరేవాడికి ఒక్కో గంట భయంకరమైన ఖరీదు పడుతుంది. ముగ్గురు షరీకులైతే నిలకడ ఖర్చు మూడు భాగాలవుతుంది. కానీ ఒక ఇంజన్ అర్ధాంతరంగా చెడితే ముగ్గురి దగ్గరా ఆ రోజు డబ్బుండాలి. ఒకరు చేతులెత్తేస్తే జహాజ్ షెడ్డులోనే తుప్పు పడుతుంది, దోస్తీ దానికన్నా ముందే తుప్పు పడుతుంది.

ఈ పట్టీలో చాలామంది రాయని ఖర్చు ఒకటుంది, మష్క్. అమెరికా కానూన్ రెండు ఇంజన్ల రేటింగ్‌కు ఇన్ని గంటలు అని పట్టుబట్టదు, పరీక్ష పాసైతే చాలు. పట్టుబట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ. ఇలాంటి విమానంలో ఎన్ని గంటలు నడిపావు, ఏడాదిలో ఉస్తాద్‌తో కూర్చుని సాధన చేశావా అని అడుగుతుంది. వాళ్లు ఊరికే అడగరు. ఇంజన్ ఆగిన ఆ కొద్ది సెకన్లలో పుస్తకం చదివే తీరిక ఉండదు, కాళ్లకూ చేతులకూ ఉన్న ఆదత్ మాత్రమే పనిచేస్తుంది. ఆదత్ ఎగరకపోతే పోతుంది. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు, విమానానికి లక్షలు పోసి సాధనకు వెనకాడేవాడు రెండో ఇంజన్‌ను కొనుక్కోకపోవడమే మేలు.

నేను మావాడికి ఫోన్ చేసి, నువ్వు లేచే ముందు ఏం అనుకుంటావో అమ్మీకి నువ్వే చెప్పు అన్నాను. ఖాలాకు వాడు మూడు మాటలు చెప్పాడు. చక్రాలు నేల మీద ఉండగా ఇంజన్ పోతే రెండు ఇంజన్లూ తగ్గించి బ్రేకు వేస్తాను. లేచాక ముందు ఇంకా రన్‌వే మిగిలి ఉంటే దాని మీదే దింపేస్తాను. రన్‌వే అయిపోయి, చక్రాలు ముడిచి, నీలం గీత వేగం చేతిలో ఉంటేనే రెండో ఇంజన్‌తో ఎగురుతాను. అది కూడా ఎక్కకపోతే, విమానం నా అదుపులో ఉండగానే ఎక్కడ వీలైతే అక్కడ దింపుతాను, లాగి పీకను. ఖాలా కాసేపు ఆగి, "అయితే ఇంజన్ కాదు బేటా, నీ హోష్ నిన్ను కాపాడేది" అంది. నేను పది రోజులు తిరిగి తెలుసుకున్నది ఆమె మూడు మాటల్లో పట్టేసింది. వాడు హిస్సా తీసుకుంటున్నాడు. కాగితంలో ఒక షరతు మాత్రం రాయించాడు. ప్రతి ఆరు నెలలకోసారి ముగ్గురూ ఉస్తాద్‌తో కూర్చుని ఇంజన్ ఆగిన సాధన చేయాలి, ఆ ఖర్చు ఉమ్మడి ఖాతా నుంచి పోవాలి.

ఇక దూలాభాయ్ ప్రశ్న. మన దేశంలో కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు కావాలి. చాలా స్కూళ్లు 185 గంటలు ఒక ఇంజన్ మీద, 15 గంటలు రెండు ఇంజన్ల మీద అని విడగొడతాయి. పెద్ద ఎయిర్‌లైన్ విమానాలన్నీ కనీసం రెండు ఇంజన్లవి కనుక, మల్టీ ఇంజన్ రేటింగ్ లేని పిల్లలకు ఆ తలుపు తెరుచుకోదు. గంటకు అయ్యే ఖర్చు ఎక్కువ కావడానికి కారణాలు పైన చెప్పినవే. దానికి తోడు ఈ ఇంజన్లు తాగే ఏవియేషన్ గ్యాసోలిన్ 2022 దాకా విదేశాల నుంచే వచ్చేది. ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో చేయడం మొదలుపెట్టింది. కొన్ని స్కూళ్లు డైమండ్ డీఏ 42 వాడతాయి, రాయ్‌బరేలీ దగ్గరి ప్రభుత్వ అకాడమీలో కూడా అదే ఉంది. దాని డీజిల్ తరహా ఇంజన్లు జెట్ ఇంధనం తాగుతాయి, తక్కువ తాగుతాయి.

ఈ మెట్టు దగ్గర డబ్బు లేక ఆగినవాళ్లలో మా భాంజీ మొదటిది కాదు. పాతబస్తీ బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా సియాసత్ ఎడిటర్ జాహిద్ అలీ ఖాన్ ఆసరాతో ట్రైనింగ్‌లో చేరి లైసెన్స్ సంపాదించింది. ఆ తర్వాత మల్టీ ఇంజన్ శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం సాయం అందాకే ముందుకు కదలగలిగింది. మన ఆడపిల్లలు పైలట్ అవుతారా అన్న ప్రశ్నకు ఆమె జవాబు చెప్పేసింది. ఆ చివరి పదిహేను గంటలకు ఎవరు ఖర్చు పెడతారన్న ప్రశ్న మాత్రం ప్రతి ఇంట్లో కొత్తగానే మొదలవుతుంది.

అందుకే దూలాభాయ్‌కి నేను రాసిచ్చిన కాగితం ఇక్కడ కూడా పెడుతున్నాను. పిల్లను ట్రైనింగ్‌లో వేసిన అమ్మీ అబ్బాలు ఫీజు కట్టే ముందు స్కూలును ఇవి అడగండి. రెండు ఇంజన్ల విమానాలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, వాటిలో ఈ రోజు ఎగరగలిగేవి ఎన్ని? చాలా చోట్ల ఒక్కటే ఉంటుంది, అది మర్మత్‌కు పోతే పిల్లలు నెలలు కూర్చుంటారు. పదిహేను గంటలు వరుసగా కొద్ది వారాల్లో అవుతాయా, ముక్కలు ముక్కలుగా అవుతాయా? ఇంజన్ ఆగిన సాధన తగినంత ఎత్తులో చేయిస్తారా? నేల దగ్గర జరిగే భాగానికి సిమ్యులేటర్ ఉందా? మే నెల ఎండలో ఈ విమానం ఒక్క ఇంజన్‌తో ఎంత ఎక్కుతుందో పుస్తకంలోని పట్టికతో పిల్ల చేతే లెక్క కట్టిస్తారా?

దూలాభాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే గంటలు తగ్గించమని అడగొద్దంటావు" అన్నాడు. అడగొద్దన్నాను. పెళ్లి ఖర్చులో తగ్గించుకుందాం, వలీమాలో రెండు దేగ్‌లు తగ్గిద్దాం. ఈ పదిహేను గంటల్లో మాత్రం ఒక్క గంట కూడా తగ్గొద్దు. వచ్చే నెల పదో తారీఖుకు మొదటి కిస్తు కట్టాలి. ఆపా తన కమిటీ చిట్టీ ఎత్తుతోంది, నేనూ నా హిస్సా కలుపుతున్నాను.